క్రోమియం 38 డిగ్రీల దగ్గర మెత్తబడటాన్ని ఎలా కొలవాలి

మే నెల మధ్యాహ్నం చెన్నైలో ఆరుబయట పెట్టిన క్రోమియం ముక్క తన అయస్కాంత క్రమాన్ని వదిలేస్తుంది. అదే ముక్క బెంగళూరు ల్యాబ్ బల్ల మీద ఉంటే ఏడాదంతా ఆంటీఫెర్రోమాగ్నెట్‌గానే, అంటే పక్కపక్క పరమాణువుల అయస్కాంతత్వాలు ఎదురెదురు దిశల్లో ఉండే పదార్థంగానే, ఉండిపోతుంది. ఆ క్రమం చెదిరిపోయే హద్దును నీల్ ఉష్ణోగ్రత అంటారు; క్రోమియానికి అది 311 కెల్విన్, అంటే 38 డిగ్రీల సెల్సియస్. ఆ గీత దాటే చోట లోహాన్ని నొక్కడం కాస్త తేలికవుతుంది, ధ్వని అందులో నెమ్మదిగా నడుస్తుంది, పొడవు ఉండాల్సిన దారి తప్పుతుంది. ద్రవ హీలియం, క్రయోస్టాట్ (అతి చల్లగా ఉంచే పాత్ర) అక్కర్లేకుండా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక అయస్కాంత పరివర్తనను స్థితిస్థాపకత వైపు నుంచి పట్టుకోవాలంటే ఇంతకంటే సులువైన పదార్థం దొరకదు.

ఇంటి ఉష్ణోగ్రతకు దగ్గర్లో ఉన్నవి ఇంకా కొన్ని ఉన్నాయి. గడోలినియం 20 డిగ్రీల దగ్గర మారుతుంది గానీ చెన్నై తేమకు దాని ఉపరితలం త్వరగా పాడవుతుంది. మాంగనీస్ ఆర్సెనైడ్ 40 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా మారుతుంది. ఘనపరిమాణం దూకడంతో స్ఫటికం పగుళ్లిస్తుంది, పైగా అందులో ఉన్నది ఆర్సెనిక్. విద్యార్థి ల్యాబ్‌లో దాని జోలికి వెళ్లకండి. కోబాల్ట్ ఆక్సైడ్ 17 డిగ్రీల చుట్టుపక్కల మారుతుంది. స్ఫటిక ఆకారం మారడాన్ని ఎక్స్‌రేలో చూడటానికి అదే మంచిది, చివర్లో దాని దగ్గరికి వద్దాం. ముందు క్రోమియం.

ముక్కను సిద్ధం చేయడం

పని సగం ఇక్కడే గెలుస్తారు, లేదా ఇక్కడే ఓడతారు. క్రోమియం పరివర్తన లోపలి ఒత్తిళ్లకు, మలినాలకు చాలా సున్నితం. సుత్తిదెబ్బలు తిన్నది, పొడిగా నూరినది, పూతగా ఎక్కించినది ఏదీ పనికిరాదు. వాటిలో 38 దగ్గర ఉండాల్సిన మార్పు అలికినట్టు పరుచుకుంటుంది, కొంత భాగం అంతకంటే బాగా ఎక్కువ ఉష్ణోగ్రతల దాకా ఆంటీఫెర్రోమాగ్నెట్‌గా మిగిలిపోతుంది. కొద్దిపాటి మాంగనీస్ కలిస్తే నీల్ ఉష్ణోగ్రత పైకి పోతుంది, వెనేడియం కలిస్తే కిందికి దిగుతుంది. కాబట్టి 99.95 శాతం లేదా అంతకంటే శుద్ధమైన, ఆర్క్‌లో కరిగించి పోసిన ముక్క కొనండి. దానితో వచ్చే విశ్లేషణ కాగితంలో ఈ రెండు మూలకాల వరుసలు ముందు చూడండి.

కోయడానికి రంపం వద్దు. క్రోమియం గది ఉష్ణోగ్రతలో పెళుసు, అంచులు చిట్లిపోతాయి. బెంగళూరులో పీణ్యలో, చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో వైర్ కట్ (సన్నని తీగ నుంచి విద్యుత్ మెరుపులతో లోహాన్ని కోయడం) చేసే వర్క్‌షాపులు ఉన్నాయి. 8 మి.మీ. మందం, 6×6 మి.మీ. ముఖం ఉన్న దిమ్మె కోసివ్వమని అడగండి. వైర్ కట్ చేసిన ముఖం మీద కరిగి గడ్డకట్టిన పలుచని పొర ఉంటుంది. ఒక్కో వైపు కనీసం 50 మైక్రాన్లు అరగదీసి దాన్ని తీసేయాలి.

ముందు ముతక అరగదీత, తర్వాత అనీలింగ్ (వేడిచేసి మెల్లగా చల్లార్చి ఒత్తిళ్లు వదిలించడం), చివర సన్న పాలిష్: ఈ వరుస మార్చకండి. అనీలింగ్ తర్వాత ముతక కాగితం మీద రుద్దితే మీరే మళ్లీ ఒత్తిడి ఎక్కించినట్టు. అనీలింగ్‌కు అల్యూమినా పడవలో ముక్క పెట్టి, పక్కనే ఆక్సిజన్‌ను పీల్చుకోవడానికి కొంచెం టైటానియం స్పాంజ్ ఉంచి, శుద్ధమైన ఆర్గాన్ ప్రవాహంలో 1000 డిగ్రీల దగ్గర 24 గంటలు వేడిచేసి, గంటకు 100 డిగ్రీల చొప్పున దించండి. వాక్యూమ్‌లో చేద్దామనిపిస్తుంది కానీ ఈ వేడిలో క్రోమియం ఆవిరై గొట్టం గోడకు అంటుకుంటుంది. నైట్రోజన్ అసలే వద్దు, నైట్రైడ్ తయారవుతుంది.

సన్న పాలిష్ 9 మైక్రాన్ల అల్యూమినా, తర్వాత 3 మైక్రాన్లు. ఎదురెదురు ముఖాలు ముక్క వెడల్పంతటా 5 మైక్రాన్లలోపు సమాంతరంగా ఉండాలి. డయల్ గేజ్ కింద నాలుగు మూలలూ తాకించి చూడండి. ముఖాలు వాలితే తర్వాత పంపబోయే ధ్వని ప్రతిధ్వనులు (ఎకోలు) వెనక్కి సరిగా రావు, ఒకదాని మీద ఒకటి పడి ఆకారం చెడిపోతుంది.

థర్మామీటరుతో మొదట తగువు తేల్చుకోండి

కొలిచేది మెత్తబడటమైనా, వాదన అంతా ఉష్ణోగ్రత మీదే జరుగుతుంది. క్లాస్ ఎ రకం పీటీ100 (ప్లాటినం నిరోధంతో ఉష్ణోగ్రత చదివే) సెన్సరుకు కూడా 38 డిగ్రీల దగ్గర 0.23 డిగ్రీ దాకా తేడా ఉండొచ్చు. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసును నలగ్గొట్టి, అదే నీటితో తడిపి, థర్మోస్ ఫ్లాస్కులో సున్నా డిగ్రీని సరిచూసుకోండి. రెండో బిందువుగా మరుగుతున్న నీటిని వాడేవాళ్లు బెంగళూరులో పప్పులో కాలేస్తారు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 100 దగ్గర కాదు. చెన్నైలో ఈ గొడవ లేదు. (ద్రవ నైట్రోజన్‌కూ ఇదే లెక్క: పుస్తకంలో 77.3 కెల్విన్ ఉంటే బెంగళూరులో ఒక డిగ్రీ తక్కువ.) గాలి పీడనం ఆ పూట ఎంతుందో చూసి సరిచేసుకోండి.

సెన్సర్‌ను నాలుగు తీగల పద్ధతిలో, 1 మిల్లీఆంపియర్ కరెంటుతో చదవండి. దాన్ని కింద ఉన్న రాగి దిమ్మెకు కాదు, క్రోమియం ముక్క పక్క ముఖానికే పలుచని గ్రీజుతో ఆనించి కాప్టన్ టేపుతో కట్టండి. తీగలను దిమ్మె చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి బయటికి తీయండి, లేకపోతే గది వేడి తీగ వెంబడే సెన్సర్‌లోకి దిగుతుంది.

వేడి, చలి ఇవ్వడానికి 40 మి.మీ. పెల్టియర్ పలక (కరెంటు దిశను బట్టి వేడి లేదా చలి ఇచ్చేది) ఒకటి, ఫ్యాన్ ఉన్న హీట్‌సింక్ ఒకటి, థర్మాకోల్ పెట్టె ఒకటి చాలు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. అక్కడ చవకగా దొరికే, కరెంటును తెరుస్తూ మూస్తూ నడిపే కంట్రోలర్ మాత్రం కొనకండి. దాని స్విచింగ్ రొద నేరుగా ఎకో సిగ్నల్‌లోకి దూరుతుంది. స్థిరంగా కరెంటిచ్చే లీనియర్ సప్లై వాడండి.

ముక్కను స్ప్రింగుతో నొక్కి పట్టేటప్పుడు చెయ్యి అదుపులో ఉండాలి. పీడనం గిగాపాస్కల్ పెరిగితే క్రోమియం నీల్ ఉష్ణోగ్రత సుమారు 50 డిగ్రీలు పడిపోతుంది. అంటే అన్ని వైపుల నుంచీ 10 మెగాపాస్కల్ పడితే అర డిగ్రీ జరిగినట్టే. మీ స్ప్రింగు ఒక్క వైపు నుంచే నొక్కుతుంది కాబట్టి మార్పు అంత ఉండకపోవచ్చు, కానీ చిన్న మొన మీద బరువంతా పడితే పరివర్తన వెడల్పు పెరుగుతుంది. మెత్తని స్ప్రింగు, చదునైన తాకిడి, ఒకటి రెండు కిలోల బరువు: అంతే.

ధ్వనిని పంపడం

పద్ధతి పల్స్ ఎకో. ట్రాన్స్‌డ్యూసర్ చిన్న ధ్వని పల్స్‌ను పంపుతుంది, అది వెనక ముఖానికి తగిలి తిరిగొస్తుంది, మళ్లీ వెళ్తుంది. రెండు ఎకోల మధ్య సమయంతో మందానికి రెట్టింపును భాగిస్తే వేగం. సాంద్రతను వేగ వర్గంతో గుణిస్తే స్థితిస్థాపక గుణకం, అంటే నొక్కుడుకు లోహం ఎంత గట్టిగా ఎదురునిలుస్తుందో చెప్పే సంఖ్య. క్రోమియం సాంద్రత ఘనసెంటీమీటరుకు 7.19 గ్రాములు, నిలువు అలల (కణాలు ధ్వని నడిచే దిశలోనే ఊగేవి) వేగం సెకనుకు సుమారు 6.6 కిలోమీటర్లు. మీ 8 మి.మీ. ముక్కలో ఒక రాకపోకకు 2.4 మైక్రోసెకన్లు పడుతుంది. గుణకం ఒక శాతం మారితే ఆ సమయం అర శాతమే, అంటే 12 నానోసెకన్లు మారుతుంది. సెకనుకు వంద కోట్ల బిందువులు తీసే మామూలు డిజిటల్ ఓసిల్లోస్కోప్ దీనికి సరిపోతుంది.

ట్రాన్స్‌డ్యూసర్‌గా 10 మెగాహెర్ట్జ్ లిథియం నియోబేట్ పలకలు రెండు తెప్పించండి: నిలువు అలలకు 36 డిగ్రీల వై-కట్, అడ్డ అలలకు (కణాలు ఆ దిశకు అడ్డంగా ఊగేవి) 41 డిగ్రీల ఎక్స్-కట్. అవి లేకపోతే పైపుల మందం చూసేవాళ్లు వాడే 10 మెగాహెర్ట్జ్ ప్రోబు కూడా పనిచేస్తుంది. ప్రోబు లోపలి ఆలస్యం వేడితో మారుతుంది కానీ మనం ఎకోకూ ఎకోకూ మధ్య తేడానే తీసుకుంటాం కాబట్టి అది కొట్టుకుపోతుంది. పంపిన పల్స్ నుంచి మొదటి ఎకోకు మాత్రం ఎప్పుడూ కొలవకండి.

అతికించే పదార్థం ఎంపికలో ఒక ఉచ్చు ఉంది. పాత ల్యాబ్‌లలో ఫినైల్ సాలిసిలేట్ వాడే అలవాటు ఉంది, కరిగించి రాస్తే గడ్డకట్టి బాగా పట్టుకుంటుంది. అది కరిగేది 42 డిగ్రీల దగ్గర, మన పరివర్తనకు నాలుగు డిగ్రీల అవతల. ఎకో ఎత్తు హఠాత్తుగా పడిపోతే అది క్రోమియమా, జిగురా అని తేల్చుకోలేరు. సిలికోన్ గ్రీజు వాడండి. అడ్డ అలలకు ఇంకా చిక్కనిది కావాలి. అల్ట్రాసోనిక్ పరీక్షలు చేసేవాళ్ల దగ్గర షియర్ అలల కోసం ప్రత్యేకంగా తేనెలా సాగే కప్లెంట్ దొరుకుతుంది. ఏదైనా సరే, పలకను వేలితో గుండ్రంగా రుద్ది, మిగిలినది పక్కలకు పోయేదాకా పలచబరచండి.

అన్నిటికంటే ముందు అదే మందం ఉన్న ఫ్యూజ్డ్ సిలికా (శుద్ధమైన సిలికా గాజు) ముక్కతో 20 నుంచి 70 డిగ్రీల వరకు ఒక పూర్తి పరుగు తీయండి. సిలికాకు ఈ హద్దులో పరివర్తన ఏదీ లేదు. మామూలు పదార్థాలకు భిన్నంగా వేడెక్కుతుంటే దాని గుణకం కొద్దికొద్దిగా పెరుగుతుంది కూడా. 38 దగ్గర దాని గీతలో వంపు కనిపిస్తే ఆ వంపు మీ ఏర్పాటుది. అది పోయేదాకా క్రోమియం ముట్టుకోకండి.

పరుగు ఎలా తీయాలి

20 నుంచి 33 డిగ్రీల వరకు నిమిషానికి అర డిగ్రీ చొప్పున, 33 నుంచి 43 వరకు నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున, ఆపైన 70 వరకు మళ్లీ అర డిగ్రీ. తర్వాత అదే వేగంతో కిందికి. మధ్య భాగానికి ఒక్కో వైపు వంద నిమిషాలు పడుతుంది, కాబట్టి రాత్రికి వదిలేసేలా ప్రోగ్రామ్ రాసుకోండి, యూపీఎస్ మీద పెట్టండి. వేడి చేసిన గీత, చల్లార్చిన గీత ఒకదాని మీద ఒకటి పడకపోతే వెంటనే హిస్టరిసిస్ (వేడి, చలి దారులు నిజంగానే వేరవడం) అని రాసేయకండి. క్రోమియం వేడిని చకచకా మోస్తుంది, 8 మి.మీ. ముక్క లోపల సమం కావడానికి సెకన్లు చాలు. ఆలస్యం దాదాపు ఎప్పుడూ సెన్సర్ తాకిడిలో ఉంటుంది. వేగాన్ని సగం చేసి, మళ్లీ సగం చేసి చూడండి. రెండు గీతల మధ్య ఎడం కూడా సగం, సగం అవుతూ పోతే అది సెన్సర్ ఆలస్యమే. శుద్ధమైన క్రోమియంలో మార్పు నిజానికి మొదటి తరగతిదే (ఒక్కసారిగా దూకేది), కానీ చాలా బలహీనమైనది. మిగిలే నిజమైన ఎడం కూడా చిన్నదిగానే ఉంటుంది.

ఏసీ సంగతి చెప్పకుండా వదలకూడదు. చెన్నైలో స్ప్లిట్ ఏసీ కంప్రెసర్ ఆగి, మొదలయ్యే ప్రతిసారీ గది గాలి ఊగుతుంది, ఆ ఊగు పది ఇరవై నిమిషాల అలగా మీ గీతలో కనిపిస్తుంది. పెట్టెను ఏసీ గాలి తగలని మూల పెట్టి, చుట్టూ ఇంకో అట్టపెట్టె బోర్లించండి. ఇంకోటి: చెన్నైలో వేసవి, వానాకాలాల్లో మంచుబిందు ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర మొదలుపెడితే ముక్క మీద నీరు పడుతుంది, అది గ్రీజు అంచుల్లోకి పాకుతుంది. పెట్టెలో సిలికా జెల్ వేసి రాత్రంతా ఉంచండి, లేదా పొడి నైట్రోజన్‌ను సన్నగా వదలండి.

సమయాన్ని కర్సర్‌తో కాదు, మొదటి ఎకోను మూడో ఎకోతో పోల్చే క్రాస్ కోరిలేషన్‌తో (ఒక ఆకారాన్ని రెండోదాని మీద జరుపుతూ బాగా కలిసే చోటు వెతకడం) తీయండి. ఇందులో వచ్చే అసలు తంటా ఇది: ధ్వని పరివర్తన దగ్గర బాగా శోషించబడుతుంది, మూడో ఎకో బలహీనపడుతుంది, ప్రోగ్రామ్ సరైన అలను వదిలి పక్క అలను పట్టుకుంటుంది. అప్పుడు సమయం సరిగ్గా 100 నానోసెకన్లు దూకుతుంది, ఎందుకంటే 10 మెగాహెర్ట్జ్ అల ఒక చుట్టు అంతే. రెండు రాకపోకల మీద 100 నానోసెకన్లంటే గుణకంలో 4 శాతం. చూడటానికి అచ్చం మీరు వెతుకుతున్న పల్లంలాగే ఉంటుంది. సరిగ్గా 100 అంటే అనుమానించండి. ప్రతి ఎకో పూర్తి ఆకారాన్ని దాచిపెట్టండి, తర్వాత చేత్తో సరిచూసుకోవచ్చు. ఆ కొద్ది డిగ్రీల్లో మూడో ఎకో కనబడకుండానే పోతే 5 మెగాహెర్ట్జ్‌కు దిగి, మొదటి రెండు ఎకోలతో సరిపెట్టుకోండి.

పొడవు

గుణకం లెక్కలో పొడవు మార్పు కూడా దూరుతుంది. అన్ని వైపులా సమంగా వ్యాకోచించే పదార్థంలో గుణకం, పొడవుకూ సమయ వర్గానికీ కలిపి విలోమంగా ఉంటుంది. క్రోమియం వ్యాకోచం గది దగ్గర డిగ్రీకి పది లక్షల్లో 5 వంతుల చుట్టూ ఉంటుంది. 20 డిగ్రీలకు వందో వంతు శాతం మాత్రమే. అందుకని గుణకం కోసమే అయితే పొడవును పట్టించుకోకపోయినా కొంప మునగదు. కానీ కొలవడం మంచిది, ఎందుకంటే ఈ కొలత పరివర్తనకు రెండో సాక్షి.

350 ఓమ్‌ల స్ట్రెయిన్ గేజ్ ఒకటి క్రోమియం మీద, అదే పొట్లంలోది ఇంకొకటి ఫ్యూజ్డ్ సిలికా మీద సయనోఅక్రిలేట్ జిగురుతో అంటించి, రెండూ బ్రిడ్జిలో పక్కపక్క చేతులుగా పెట్టండి. గేజ్ తన సొంత వేడి ప్రభావం అలా రద్దవుతుంది. గేజ్ మీద వోల్టేజి ఒక వోల్టు మించనివ్వకండి. చల్లబడుతూ అయస్కాంత క్రమంలోకి వచ్చేటప్పుడు క్రోమియం కొంచెం ఉబ్బుతుంది. అందువల్ల వేడి చేస్తుంటే 38 దగ్గర వ్యాకోచ గుణకం లోతుగా కుంగుతుంది. పీడనం పెంచితే నీల్ ఉష్ణోగ్రత తగ్గడమూ దీనితో పొసగుతుంది: ఉబ్బిన స్థితిని నొక్కితే అది నిలబడదు. గేజ్ చూపిన కుంగు, ధ్వని చూపిన పల్లం ఒకే ఉష్ణోగ్రత దగ్గర లేకపోతే ముందు రెండు సెన్సర్ల తాకిడి సరిచూడండి.

గీతను చదవడం

నిలువు అలల గీతలో 38 దగ్గర శాతాల్లో లెక్కించదగ్గ పల్లం రావాలి. అడ్డ అలల గీతలో దాదాపు ఏమీ కనబడకూడదు. క్రోమియంలో మెత్తబడేది ముఖ్యంగా ఘనపరిమాణాన్ని నొక్కే గుణకం. ఆకారాన్ని వంచే గుణకాలు పెద్దగా కదలవు. మీ కొలత నిజమా కాదా అని చెప్పే గట్టి పరీక్ష ఇదే. రెండు రకాల అలల్లోనూ ఒకే పరిమాణంలో పల్లం వస్తే జిగురునో సెన్సర్‌నో అనుమానించాలి, నీల్‌ను కాదు.

దీని వెనక కారణం సౌష్ఠవం. అయస్కాంత క్రమాన్ని తలకిందులు చేసినా శక్తి మారకూడదు కాబట్టి, వికృతి (పొడవు, ఆకారాల్లో వచ్చే మార్పు) ఆ క్రమంతో నేరుగా కాకుండా దాని వర్గంతోనే జతకట్టగలదు. లాండౌ పద్ధతిలో (శక్తిని ఆ క్రమం ఘాతాల వరుసగా రాసి) లెక్కవేస్తే ఇలాంటి జత వల్ల గుణకం నీల్ బిందువు కింద ఒక మెట్టు దిగుతుంది. మెట్టు ఎత్తు, జత బలం వర్గానికి రెట్టింపును నాలుగో ఘాతపు గుణకంతో భాగించినంత. సౌష్ఠవం ఈ జతను అనుమతించని అడ్డ వికృతుల్లో మార్పు మెట్టుగా కాక, క్రమం పెరిగేకొద్దీ మెల్లగా పెరుగుతుంది. ఒక స్ఫటికానికి ఎన్ని స్వతంత్ర గుణకాలు ఉంటాయో సౌష్ఠవం నుంచి లెక్కగట్టే పనిలో మన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారి కృషి పెద్దది. ఆయన 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరు కూడా.

మెట్టుతో పాటు పల్లం ఎందుకుందంటే, పరివర్తనకు చాలా పైనుంచే అయస్కాంత ఊగిసలాటలు లోహాన్ని మెత్తబరుస్తుంటాయి. అందుకే నేపథ్య గీత (పరివర్తనే లేకపోతే ఉండే గీత) గీయడంలో తొందరపడకండి. మామూలుగా వార్ష్నీ సూత్రాన్ని (వేడితో గుణకం మామూలుగా తగ్గే తీరును చెప్పేది) పరివర్తనకు దూరంగా ఉన్న బిందువులకు అమర్చి, దాన్ని కిందికి పొడిగించి తేడా తీస్తారు. క్రోమియంలో 45 నుంచి 70 డిగ్రీల బిందువులు ఏమాత్రం దూరం కావు. అక్కడికి అమర్చితే మెత్తబడటంలో సగం నేపథ్యంలోనే కలిసిపోతుంది. పెల్టియర్ ఏర్పాటుతో అంతకంటే పైకి పోలేరు కనుక, 70 డిగ్రీల విలువతో పోల్చి ఇంత శాతం అని రాయండి. నికర పరిమాణం అని మాత్రం రాయకండి.

ఏకస్ఫటికం దొరికితే ఇంకో చిక్కు. స్పిన్ సాంద్రత అల (అలలా హెచ్చుతగ్గులయ్యే క్రోమియం అయస్కాంత క్రమం) మూడు అక్షాల్లో ఏదో ఒకదాని వెంబడి నిలబడొచ్చు. చల్లార్చిన ప్రతిసారీ ఆ మూడు రకాల ప్రాంతాల పాళ్లు మారతాయి, కాబట్టి 38 కింద గీత పరుగు పరుగుకూ కొంచెం తేడాగా వస్తుంది. మీ తప్పు కాదు. స్ప్రింగు నొక్కుడు కూడా ఒక రకాన్ని ఎంచుకోగలదు.

ఆకారం మారడాన్ని చూడాలంటే

క్రోమియం జాలకం (పరమాణువుల అమరిక) వంకర మామూలు ఎక్స్‌రే యంత్రానికి అందనంత చిన్నది. కోబాల్ట్ ఆక్సైడ్ అలా కాదు. ఘనాకార స్ఫటికం చల్లబడి ఒక అక్షం వెంబడి కురచవుతుంది. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతల దగ్గర ఆ తేడా సుమారు 1.2 శాతం. రాగి గొట్టపు ఎక్స్‌రేతో 42.4 డిగ్రీల కోణం దగ్గర ఉండే 200 పీక్ (200 అనేది స్ఫటిక తలాల వరుసకు పేరు) అప్పుడు అర డిగ్రీ ఎడంతో రెండుగా చీలుతుంది, 92.7 దగ్గరి 400 పీక్‌లో ఎడం 1.4 డిగ్రీలు. కాబట్టి పై కోణపు పీక్‌నే ఎంచుకోండి. రాగి కిరణాలు కోబాల్ట్‌ను వెలిగించి నేపథ్యాన్ని నింపేస్తాయి. డిటెక్టర్ శక్తి హద్దును బిగించండి, లేదా కోబాల్ట్ గొట్టం వాడండి, అప్పుడు కోణాలు మారతాయి. పొడిని నూరేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. చల్లని వేదిక మీద మంచు పట్టకుండా గుమ్మటంలో పొడి నైట్రోజన్ నింపండి; ఐసు పీక్‌లు 23 నుంచి 26 డిగ్రీల మధ్య కనబడితే గుమ్మటం కారుతోందని అర్థం.

ఏ పీక్ చీలిందో చూస్తే వంకర దిశ తెలుస్తుంది. కోబాల్ట్ ఆక్సైడ్‌లో 200 చీలుతుంది, 222 చీలదు. 250 డిగ్రీల నీల్ ఉష్ణోగ్రత ఉన్న నికెల్ ఆక్సైడ్‌లో వంకర మూల కర్ణం వెంబడి ఉంటుంది కాబట్టి 222 చీలుతుంది, 200 చీలదు. నికెల్ ఆక్సైడ్‌తో జాగ్రత్త: గది ఉష్ణోగ్రతలో దాని కోణం 90 నుంచి తప్పేది 0.1 డిగ్రీ కంటే తక్కువ. 222 పీక్ దగ్గర రాగి కె-ఆల్ఫా ఒకటి, రెండు కిరణాల జంట తమంతట తామే 0.24 డిగ్రీ ఎడంగా ఉంటాయి, అసలు చీలిక అంతకంటే చిన్నది. అదే కొలతను 200 మీద కూడా తీయండి. అక్కడ ఉండేది ఈ కిరణాల జంట ఒక్కటే, కాబట్టి పీక్ ఆకారాన్ని దాని నుంచి నేర్చుకుని 222కు అమర్చండి. తర్వాత 270 డిగ్రీలకు వేడిచేసి, 222లో ఆ అదనపు వెడల్పు పోయిందో లేదో చూడండి.